బయటినుంచి కంపు కొట్టిన మేజోడు

మొగుడి మీద ఫిర్యాదు లేని ఆడది ఉండదంటారు. ఈ ఇల్లాలికీ ఒకటి ఉంది. కాకపోతే అది పదిమందిలో చెప్పుకోవడానికి పనికొచ్చేది కాదు. ఆయన తాగడు, పేకాడడు, గొంతు పెంచడు. ఆయన మీద ఆవిడ ఫిర్యాదల్లా ఆయన మరీ శుభ్రమైన మనిషి అని. ఈ మాట ఒకసారి పక్కింటావిడతో అంటే, ఆవిడ ఇల్లాలి మొహంలోకి కాసేపు చూసి, మా ఆయన్ని ఓ నెల మీ ఇంట్లో ఉంచుకోండి తెలిసొస్తుంది అని తలుపేసుకుంది.

పక్కింటావిడకేం తెలుసు. ఈయన సబ్బుతో చేతులు కడుక్కునే ముందు సబ్బుని కడిగే మనిషి. చేతులు కడిగాక కుళాయి కట్టెయ్యాలంటే మళ్లీ కుళాయి ముట్టుకోవాలి గదా, అందుకని మోచేత్తో కట్టేస్తాడు. పాలమీద మీగడ కనిపిస్తే గ్లాసుని వేలి చివరతో అవతలికి తోస్తాడు. జేబులో ఎప్పుడూ ఉతికి మడతపెట్టిన తెల్ల రుమాలు ఒకటి ఉండాలి, దానికి తోడుగా ఇంకొకటి ఉండాలి. వీధిలో వాళ్లు ఆయన్ని రుమాలాయన అంటారు, ఎదురుగా కాదు.

సింకు జాలీలో చిక్కుకున్న వెంట్రుకలు లాగడం, పిల్ల కక్కుకుంటే తుడవడం, గూట్లో చచ్చిన బల్లిని చీపురుతో ఎత్తిపారెయ్యడం, ఇవన్నీ ఇల్లాలి వాటా. అలాగని ఆవిడకి అసహ్యం లేదనుకోకూడదు. కావలసినంత ఉంది. కానీ ఏ ఇంట్లోనైనా అసహ్యించుకునే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఇద్దరికీ ఉంటే ఆ ఇల్లు మూడోరోజుకి కంపు కొడుతుంది. పెళ్లైన కొత్తలోనే ఆయన ఆ హక్కు కాస్తా తీసేసుకున్నాడు. రసాయనశాస్త్రం చదివిన ఆవిడకి చీపురు మిగిలింది.

ఇలాంటి మనిషికి విధి ఏ ఉద్యోగం ఇవ్వాలి? నీళ్ల శాఖలో, మురికినీళ్లు కొలిచే ఉద్యోగం ఇచ్చింది. దేవుడికి హాస్యం తెలీదనేవాళ్లు ఈ ఒక్క ఇంటికొచ్చి చూసి వెళితే చాలు.

కొలవడానికి ఆయనకి ఒక పరికరం ఇచ్చారు. మూరెడు గొట్టం, చివర ఒక చిన్న బోను, ఆ బోనులో ముడుచుకున్న వేళ్లలాగా నాలుగైదు సెన్సర్లు. ఒకటి నీళ్ల వేడి చెబుతుంది, ఒకటి పులుపు చెబుతుంది, ఒకటి నీళ్లలో కరిగిన గాలి ఎంతో చెబుతుంది, అది తగ్గిందంటే నీళ్లు కుళ్లినట్టే, ఒకటి ఉప్పులు, ఇంకొకటి మురుగు కలిస్తే పెరిగే అమ్మోనియా. గొట్టానికి పొడుగాటి తీగ, తీగ చివర చేతిలో పట్టుకునే తెర. నీళ్లలోకి దింపితే తెరమీద అంకెలన్నీ ఒక్కసారి లేస్తాయి. దాన్ని ఆయన ఆఫీసులో ఉంచడు. అక్కడి అలమరలో బొద్దింకలు తిరుగుతాయి. అందుకని అది ఇంటికొచ్చి, ముందుగదిలో కిటికీ పక్క బల్లమీద, తెల్లగుడ్డ కింద కాపురం పెట్టింది.

నిజం చెప్పాలంటే దాన్ని ఆయన చూసుకునే తీరు ముచ్చటేస్తుంది. వారానికోసారి పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్టు చేస్తాడు. చిన్న సీసాల్లో, విలువ ముందే తెలిసిన ద్రావణాలు ఉంటాయి. ఒక్కో సెన్సరునీ శుద్ధమైన నీళ్లతో కడిగి, తరవాత అదే ద్రావణంతో ఓసారి జాడించి, అప్పుడు ముంచి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, తేడా ఉంటే సరిచేస్తాడు. దాన్ని కాలిబ్రేషన్ అంటాడు. తొందరపడితే లాభం లేదంటాడు. సెన్సరుకి గాలిబుడగ అంటుకుంటే అబద్ధం చెబుతుందంటాడు. ఎండిపోనిస్తే మొండికేస్తుందంటాడు. ఇవన్నీ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతుంటే వంటింట్లోంచి ఇల్లాలు వింటూ ఉండేది. మనిషి మీద ఎంత విసుగున్నా ఆ కాసేపూ గౌరవం కలిగేది.

ఆ కూతురి పేరు ఇంట్లో చేపపిల్ల. నడక రాకముందే బకెట్లో మునిగి కిలకిలా నవ్విన పిల్ల. ఈత సంఘంలో చేరింది. సంఘంవాళ్లకి సొంత కొలను లేదు. ఊరవతల, రాళ్లు తవ్వి వదిలేసిన పెద్ద గుంట ఒకటుంది, వానలకి నిండి చిన్నసైజు సరస్సంత అయింది. దాన్లోకి కొంతదూరం చెక్కల వంతెన కట్టి, ఎర్రతాళ్లు లాగి, పిల్లలకి అందులో పోటీలు పెడదామని ఈత మాస్టారు తలపెట్టాడు. ఈత మాస్టారు గుండ్రంగా, ఉత్సాహంగా ఉండే మనిషి. ఆయన నీళ్లలో దిగగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నీళ్లు బాగున్నాయని నీళ్ల శాఖ రాసిస్తేనే పిల్లల్ని దింపాలి. రాసివ్వాల్సింది రుమాలాయన. ఆయన వారం వారం వెళ్లి కొలుస్తున్నాడు. ప్రతివారం నీళ్లు దివ్యంగా ఉన్నాయి.

ఒకనాటి సాయంత్రం పిల్లని తీసుకుని ఇల్లాలు ఆ గుంట చూడటానికి వెళ్లింది. ఒడ్డు ఇంకా కనబడకముందే ముక్కు గుర్తుపట్టింది. మూతపెట్టి మరిచిపోయిన గిన్నె తెరిస్తే వచ్చే వాసన, దాని కింద కుళ్లిన గుడ్డు, ఆ రెంటికీ అడుగున సబ్బు. నీళ్లమీద ఒక మూల పాచి చీము రంగులో మందంగా పేరుకుంది. గాలి తోసినప్పుడు అది ముడతలు పడింది, అచ్చం కాగి చల్లారిన పాలమీద తోలులాగా. అవతల రాతిగోడ వెనక అపార్ట్‌మెంట్లు. గోడ పగుళ్లలోంచి నల్లగా ఏదో చెమటలాగా ఊరుతోంది. రాళ్ల సందున తడిసిన దూదిలాంటిదేదో అటూ ఇటూ ఊగుతోంది. అదేమిటో ఆవిడ ఊహించదలచుకోలేదు. ఊహ మాత్రం ఆగలేదు.

చేపపిల్ల చెప్పులు విడిచి, కాలివేలు ముంచబోయింది. ఇల్లాలు జబ్బపట్టి లాగింది. ఇంటికొచ్చేదాకా నోట్లో ఊరిన నీళ్లు మింగకుండా వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తితే రుమాలాయన నవ్వాడు. ఆకులు కుళ్లిన వాసనట. చూపులు మోసం చేస్తాయట, ముక్కు ఇంకా మోసం చేస్తుందట, అంకెలు చెయ్యవట. ఒడ్డున ముంచినా, మధ్యలో ముంచినా, లోతుకి దింపినా ఒకే అంకె వస్తోందట. అంత నిలకడైన నీళ్లు తన ఉద్యోగంలో చూడలేదట.

అక్కడ ఆవిడ కలుపుతున్న అన్నం వదిలేసింది. ఏ గిన్నెలోనైనా అడుగూ పైనా ఒకేలా ఉండవు. అంత పెద్ద గుంటలో ఎలా ఉంటాయి?

సరే, ఆవిడ అప్పటికి ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి చేతనైన విద్య, దాచుకోవడానికే తప్ప మరిచిపోవడానికి కాదు.

తరవాతి వారం ఉతికే బట్టలు విడదీస్తుంటే, వాటి అడుగున పాలిథిన్ సంచీ ఒకటి తగిలింది. మూతి ముడేసి ఉంది. విప్పింది. విప్పినందుకు తనని తనే తిట్టుకుంది. ఆ గుంట కంపు గదంతా నిండింది. లోపల ఒక మేజోడు. ఒక్కటే, జత లేదు. కాదు, సరిగ్గా చూస్తే రెండు, ఒకదానిలో ఒకటి దూర్చి ఉన్నాయి. చలికాలంలో తొడుక్కునే మందపు నూలువి. పైనంతా బూడిదాకుపచ్చ జిగురు, ముట్టుకుంటే వేలికి తీగలు సాగింది. మడమ దగ్గర ఎవరిదో పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది. ఎవరిదై ఉంటుందన్న ఆలోచన రాగానే ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

అయినా పారెయ్యలేదు. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదివీ ఉతికిన చెయ్యి అది. మేజోళ్ల కంపు విషయంలో ఆవిడని మించిన పండితురాలు ఆ చుట్టుపక్కల లేదు. లోకంలో ఏ మేజోడైనా లోపలినుంచి కంపు కొడుతుంది. ఇది బయటినుంచి కొట్టింది.

ఊపిరి బిగబట్టి దాన్ని తిరగేసింది. లోపలి మేజోడు తెల్లగా ఉంది. తడిగా, చల్లగా, అప్పుడే జాడించి తీసినంత తెల్లగా. వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాళ్లింటి కుళాయి నీళ్ల వాసన తప్ప.

ఆవిడ ఆ మేజోడుని చేత్తో అలాగే పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. కంపు సంగతి మరిచిపోయింది.

ఆయన ఆఫీసునుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటుంటే తెచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"దాన్ని లోపలికెందుకు తెచ్చావు? అవతల పారెయ్."

"పారేస్తాను. ఇది మీరు కాలికి తొడుక్కున్నదా, ఇంకెక్కడికైనా తొడిగిందా?"

ఆయన సిగ్గుపడలేదు. పైగా, అడిగినందుకు కాస్త సంతోషించినట్టే కనిపించాడు. మొదటివారం వట్టి గొట్టాన్నే దింపాడట. పైకి తీస్తే సెన్సర్ల సందుల్లో ఆ జిగురు దూరి కూర్చుంది. వేలు పెట్టి తియ్యాలి. అక్కడే కక్కుకుని, ఆ వారం అంకెలు రాసుకోకుండానే తిరిగొచ్చాడు. ఇంటికొచ్చి అన్నం సయించక పడుకున్నది ఆనాడేనట. అప్పుడు ఆలోచించి ఈ ఉపాయం కనిపెట్టాడు. ఇంట్లో సెన్సర్లని శుభ్రమైన నీళ్లతో కడిగి, తడిగానే రెండు మేజోళ్లలో దూర్చి, మూతి రబ్బరుబ్యాండుతో బిగించి తీసుకెళతాడు. అక్కడ ముంచుతాడు, అంకెలు చూసుకుంటాడు, పైకి తీస్తాడు, మేజోడు ఊడదీసి సంచీలో వేస్తాడు. లోపల సెన్సర్లు ముత్యాల్లా ఉంటాయి. అవతల పారేసే వీలు లేక సంచీని ఇంటికి తెచ్చాడు గానీ, లేకపోతే ఆవిడ కంటపడేదే కాదు.

"నీళ్లకి గుడ్డ ఒక అడ్డమా? వడకట్టినంత మాత్రాన టీ, టీ కాకుండా పోతుందా?" అన్నాడు.

"పోదు. కానీ టీ వడకట్టేవాళ్లెవరూ ముందే గుడ్డనిండా మంచినీళ్లు పట్టి మూతి కట్టెయ్యరు."

"కొత్త నీళ్లు లోపలికి వెళతాయోయ్."

"ఎప్పటికి? బయటంతా జిగురు పూసుకుపోయాక దాంట్లో దోమ కూడా దూరదు. లోపల చూడండి ఎంత తెల్లగా ఉందో. మీరు అంకె చూసింది దీన్నండీ. మన కుళాయి నీళ్లని అంతదూరం మోసుకెళ్లి, గుంటలో ముంచి, మన కుళాయి బాగుందని రాసొస్తున్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. పరికరం తప్పు చెప్పదన్నాడు. ప్రతివారం తను సరిచూసేది ఆవిడ కళ్లారా చూస్తోంది గదా అన్నాడు. ఆవిడ కాదనలేదు. పరికరం నిప్పులాంటిది, సందేహం లేదు. నిప్పుని మూటగట్టి ఒళ్లో పెట్టుకుంటే దాని తప్పేముంది.

చివరికి ఆయన, "నీ ముక్కుకి కాలిబ్రేషన్ చేసిందెవరో చెప్పు" అన్నాడు.

"ఈ ఇల్లే. నేనొచ్చినప్పట్నుంచీ రోజూ చేస్తోంది."

గోడవారగా కూర్చుని వింటున్న అత్తగారికి కొడుకు ఓడిపోతున్నట్టు అనిపించిందో ఏమో, మధ్యలో అందుకుంది. మావాడి శుభ్రం ఇవాల్టిది కాదమ్మాయ్, చిన్నప్పుడు ముక్కు కారితే తన ముక్కుని తనే అసహ్యించుకునేవాడు, చెయ్యి కూడా పెట్టేవాడు కాదు, నేనే పరిగెత్తుకొచ్చి తుడవాలి అంది. ఈ మాట కొడుక్కి సాయంగానే అంది. అది ఎవరికి సాయపడిందో అర్థమయ్యాక నాలుక కరుచుకుంది.

రుమాలాయన కూతురు వైపు తిరిగాడు. ఆదివారం పిల్లల్ని దింపుతున్నారని, చిట్టచివరి కొలత ఆనాడే అని, అందరికంటే ముందు దిగేది తన కూతురేనని ప్రకటించాడు. ఇల్లాలు ఒప్పుకోనంది.

"సొంతకూతుర్ని దింపకపోతే నా సంతకం ఎవడు నమ్ముతాడు? దిగాల్సిందే. అదే ముందు దిగుతుంది." ఈసారి ఆయన గొంతు పెంచాడు. పెళ్లైన ఇన్నేళ్లలో అదే మొదలు.

చేపపిల్ల ఎగిరి గంతేసింది. దానికి కావలసింది నీళ్లు, నీళ్లలో ఏముందన్నది పెద్దవాళ్ల గోల.

ఇల్లాలికి ఆ పూట ఆ వెంట్రుకే కళ్లముందు ఆడింది. పిల్ల ఈదేటప్పుడు నోరు తెరుస్తుంది. తెరిచి నవ్వుతుంది కూడా, దాని అలవాటది. ఆ పాచి, ఆ దూది, ఆ గోడ చెమట, అన్నీ ఆ నవ్వులోకి వెళతాయి. తువ్వాలుతో తుడుచుకునే ఆయన చేతులు చూస్తే ఆవిడకి గుంటని చూసినప్పటికంటే ఎక్కువ రోత పుట్టింది. అంత శుభ్రమైన చేతులు. ఇన్నాళ్లూ ఆయన అసహ్యాన్ని ఇంట్లో తను మోసింది, చీపురుతో, చేటతో, చీరకొంగుతో. బాధ లేదు. ఇప్పుడు దాన్ని ఊళ్లో పిల్లల చేత మోయిస్తున్నాడు. పట్టుపట్టి కూతురిని ఇంట్లో కూర్చోబెట్టుకోవచ్చు. మిగిలిన పిల్లలు? వాళ్ల తల్లులకి ఆ గుంటలో అంకెలు తప్ప ఇంకేమీ కనిపించవు. సంతకం కింద ఉన్న పేరు తన మొగుడిది.

మర్నాడు మధ్యాహ్నం ఆ రెండు మేజోళ్లనీ వేణ్ణీళ్లలో ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, కత్తెర తీసుకుని కూర్చుంది. వేళ్ల దగ్గర రెంటినీ ఒక్క కోతతో తెగ్గోసింది. కోసిన అంచుని లోపలికి మడిచి, సన్నటి కుట్టు వేసింది. పని చేస్తే పద్ధతిగా చెయ్యాలి గదా. అత్తగారు చూస్తూనే ఉంది. తరవాత మెల్లిగా అంది:

"నా కళ్లకి సూది కనబడదు గానీ, లేకపోతే రెండోది నేను కుట్టేదాన్ని."

ఇల్లాలు ఆ మేజోళ్లకి ఇస్త్రీ కూడా చేసి, మడతపెట్టి, పరికరం పక్కన తెల్లగుడ్డ మీద పెట్టింది. ఆదివారం పొద్దున ఆయన వాటిని చూసి మెత్తబడ్డాడు. భార్య రాజీకి వచ్చిందనుకున్నాడు కాబోలు, కాఫీ బాగుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అయితే ఆవిడ మెల్లిగా ఒక మాట అడిగింది. పిల్ల దిగేరోజు గనక, ఆ ముసుగేదో ఇక్కడ కాకుండా అందరి ఎదుటా గుంట దగ్గరే తొడిగితే బాగుంటుంది గదా, కొలిచే పద్ధతి అందరూ చూస్తారు అని. రాజీకి వచ్చిన భార్య మాట కాదనడానికి ఆయనకి కారణం దొరకలేదు.

గుంట దగ్గర జనం బాగానే ఉన్నారు. తల్లిదండ్రులు ముక్కులు మూసుకునే నవ్వుకుంటున్నారు. పక్కవాళ్లు మూసుకోవడం లేదేమో, వాసన తమకే వస్తోందేమో అన్నట్టు మళ్లీ వదిలేస్తున్నారు. పిల్లలు వంతెనమీద బారుగా నిలబడ్డారు, టోపీలు పెట్టుకుని. ఎండ ఎక్కేసరికి పాచిమీద బుడగలు లేచి పగులుతున్నాయి, పగిలినప్పుడల్లా వాసన ఇంకో మెట్టు పైకెక్కుతోంది. ఈత మాస్టారు విజిల్ మెళ్లో వేసుకుని, గాలి మంచిదండీ ఇక్కడ, అంటూ తిరుగుతున్నాడు.

రుమాలాయన వంతెన చివరకి వెళ్లి, పరికరం బయటికి తీసి, సీసాలో నీళ్లతో సెన్సర్లు కడిగి, మేజోడు తొడిగాడు. పైకి లాగాడు. బోను అవతలివైపునుంచి తాబేలు తలలాగా బయటికొచ్చింది.

ఆయన కాసేపు ఆ తలని చూశాడు. అంచున వేసిన సన్నటి కుట్టుని చూశాడు. తరవాత వెనక్కి తిరిగి భార్యని చూశాడు. ఆవిడ కూతురి టోపీలోకి జుట్టు దోపుతోంది. ఆ పని తప్ప ఈ లోకంలో ఇంకో పని లేనంత శ్రద్ధగా దోపుతోంది.

ఇంతమంది ఎదుట ఏమంటాడు? నా మేజోడుకి వేళ్లు లేవంటాడా? గొట్టాన్ని నీళ్లలోకి దింపాడు.

తెరమీద మొదట ఎప్పటి అంకెలే లేచాయి. కరిగిన గాలి ఎనిమిది. ఈత మాస్టారు భుజంమీంచి తొంగిచూసి తలూపాడు. ఎనిమిది ఏడైంది. ఏడు అయిదైంది. అంకె మెట్లు దిగుతున్నట్టు దిగుతూ రెండు కూడా దాటి ఒకటిన్నర దగ్గర నిలబడింది. పక్కన అమ్మోనియా అంకె పైకి పాకింది. లోతుకి దింపుతుంటే నీళ్ల వేడి తగ్గింది. ఇన్ని వారాల్లో ఒక్కసారీ తగ్గని వేడి.

ఆయన తీగని మెల్లిగా ఊపాడు, గాలిబుడగలుంటే పోతాయని. ఆగాడు. అడుగు బురద కదలకుండా కాస్త పైకి లాగి మళ్లీ ఆగాడు. పదడుగులు అవతలికి జరిగి, అక్కడ దింపి, అంకె నిలిచేదాకా నిలబడ్డాడు. ఈ విద్యంతా ఆయనకి వచ్చు, ఊళ్లో ఇంకెవరికీ ఇంత బాగా రాదు. ఇన్నాళ్లూ దాన్ని మేజోట్లో పెట్టి ముడేశాడంతే. ఆ రెండోచోటా ఒకటిన్నరే వచ్చింది.

గొట్టం పైకి తీస్తే ఆ తాబేలు తల కనబడలేదు. బూడిదాకుపచ్చ ముద్ద ఒకటి వేలాడుతోంది. దాంట్లోంచి ఏదో చుక్కలు చుక్కలుగా ఆయన మెరుస్తున్న బూటుమీద పడింది. ముందువరసలో నిలబడ్డ తల్లులు వెనక్కి జరిగారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సెన్సరుకి ఏదైనా పట్టుకుని అంకె చెడిందేమో తెలియాలంటే కడిగి మళ్లీ చూడాలి. చేతితొడుగు వేసుకుని ప్రయత్నించాడు. దాని మందానికి సందుల్లోకి వేలు దూరలేదు. తొడుగు తీసేశాడు. రుమాలు తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు. వట్టి వేళ్లతో ఆ జిగురుని లాగాడు. అది తెగకుండా సాగింది. చివర్న తడి దూదిలాంటిదొకటి ఊడి ఆయన మణికట్టు మీద అతుక్కుంది.

ఆయన గబగబా ఒడ్డుకొచ్చి ఓ పెద్ద రాయి వెనక్కి వెళ్లాడు. కక్కుకున్న చప్పుడు అందరికీ వినబడింది.

ఇల్లాలి చెయ్యి తనంతట తనే కొంగు దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు. అడుగు కూడా ముందుకి పడింది. ఆవిడ ఆ అడుగుని వెనక్కి తీసుకుంది. ముక్కు కారితే తుడవడానికి ఒకప్పుడు వాళ్లమ్మ పరిగెత్తింది, తరవాత తను పరిగెత్తింది. ఇవాళ ఎవరూ పరిగెత్తకపోతే ఏమవుతుందో చూడాలి.

ఆయన తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. మూతి జబ్బతో తుడుచుకున్నాడు, చొక్కా పాడైంది. కూర్చుని, మిగిలిన జిగురు కూడా వేళ్లతోనే తీసి, సెన్సర్లు కడిగి, సీసాలోని మంచినీళ్లలో ముంచాడు. ఎనిమిది. గుంటలో దింపాడు. ఒకటిన్నర. మళ్లీ సీసాలో. ఎనిమిది. ఆయన భుజాలు జారిపోవడం ఇల్లాలు వెనకనుంచి చూసింది.

ఈత మాస్టారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. వంతెన చిన్నది గనక తగ్గించినా వినబడింది. "ఆఫీసు మిషన్ల సంగతి నాకు తెలీదా సార్. ఎండకి తడబడుతోంది. పోయినవారం అంకెలు ఉన్నాయిగా, అవే వేసెయ్యండి. పిల్లలు ఆశగా చూస్తున్నారు."

వెనక ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఇంత దూరం వచ్చాం గదా అన్నారు.

రుమాలాయన తెరవైపే చూస్తున్నాడు. దారి తెరిచే ఉంది. మిషన్ పాడైందంటే ఎవరూ కాదనరు, తనని ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఇంకోరోజు ఇంకెవరో వచ్చి కొలుస్తారు. ఇల్లాలికి ఆ దారి ఆయనకంటే ముందే కనబడింది. ఆయన దాన్ని చూసిన క్షణం కూడా కనబడింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, వాసనకి కాదు.

"నాన్నా, దిగనా?" అంది చేపపిల్ల. వంతెన అంచున కూర్చుని, కాళ్లు వేలాడేసింది. నీళ్లకీ పాదానికీ మధ్య జానెడు కూడా లేదు. కింద పాచిమీద ఒక బుడగ ఉబ్బుతోంది.

ఇల్లాలు కూతురి జబ్బ పట్టుకుంది. లాగలేదు. మొగుడికేసి చూసి, నిదానంగా అడిగింది.

"ఏమండీ, దింపమంటారా?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు. గోళ్ల కింద నల్లగా ఉంది. తరవాత ఆ చేతులతోనే కూతురిని చంకలకింద పట్టి పైకెత్తి, వంతెన మధ్యకి తెచ్చి నిలబెట్టి, తలమీద చెయ్యి వేశాడు. పిల్ల తెల్ల టోపీమీద నాలుగు వేళ్ల ముద్ర పడింది.

"వద్దు," అన్నాడు. "ఎవరూ దిగొద్దు."

"మిషన్ పాడైతే పిల్లలేం చేశారు సార్," అన్నాడు మాస్టారు, ఈసారి అందరికీ వినబడేలా.

రుమాలాయన జనం వైపు తిరిగాడు. వేళ్లు తెగిన మేజోడు ఆయన చేతిలో చుక్కలు కారుస్తూనే ఉంది. దాన్ని దాచుకోలేదు.

"మిషన్ బాగానే ఉంది. ఇన్ని వారాలూ నేను ఈ జిగురు ముట్టుకోవడానికి అసహ్యపడి, దానికి మేజోడు తొడిగి ముంచాను. నేను మీకు రాసిచ్చిన అంకెలు ఈ గుంటవి కావు, మా ఇంటి కుళాయివి. మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు. తప్పు నాదే."